పేరు చెక్కని గ్లాసు

వైకాటో నది మీద పొగమంచు ఇంకా విడవని ఉదయాల్లో మ్యూజియం నీళ్లలో తేలుతున్నట్టు ఉంటుంది. తలుపులు తెరవకముందు, దీపాలు వేయని గదుల్లో ఒంటరిగా తిరగడం హేమశ్రీకి ఇష్టం. అద్దాల వెనక వస్తువులన్నీ కళ్లు మూసుకుని ఏదో తలుచుకుంటున్నాయని ఆమెకు అనిపిస్తుంది.

చదువు కోసం దేశం దాటి, మొదట ఇక్కడి దక్షిణ కొసనున్న ఇన్వర్‌కార్గిల్ వచ్చింది. అక్కడి చలికి వణికి, ఉత్తరాన ఈ నది ఒడ్డునున్న హామిల్టన్ చేరి, ఈ ఉద్యోగంలో కుదురుకుంది. శనివారాలు టీనేజీ పిల్లలకు మానవ హక్కుల గురించి చెబుతుంది. ఉపన్యాసం మొదలుపెడితే పిల్లలు ఫోన్లలోకి జారిపోతారు. అందుకే ఇంటి నుంచి ఒక వస్తువు తెమ్మంటుంది. అది ఎవరిది, ఏ హక్కు గురించి మాట్లాడుతుంది అని వాళ్లే కార్డు రాసి ప్రదర్శనలో పెడతారు. ఆ దేశపు మూలవాసులైన మావోరీల కుర్రాడొకడు వాళ్ల తాతగారి బడి ఫొటో తెచ్చాడు. సొంత భాష మాట్లాడినందుకు ఆయన్ను ఆ బడిలో కొట్టారట. అందరి ముందూ చెప్పినందుకు హేమశ్రీ వాడి భుజం తట్టింది. తట్టిన చెయ్యి తనదేనా అని తర్వాత సిగ్గుపడింది.

ఎందుకంటే ఆమె తన సంగతి ఎవరికీ చెప్పలేదు. ఊరి శివారు రోటోటూనాలో తెలుగువాళ్ల పుట్టినరోజులకీ వ్రతాలకీ ఆమెకు పిలుపు వస్తుంది. ఇంటిపేరేంటి, మీదే పేట అని ఆరా తీయడం మనవాళ్లకు పలకరింపుతో సమానం. ఆమె నవ్వి, పులిహోర బాగుందని మాట మారుస్తుంది. పరాయి దేశంలో దొరికిన ఆ నాలుగు ఇళ్లూ పోతాయని భయం.

ఆ శనివారం రోటోటూనా నుంచి సిరి ఒక స్టీలు గ్లాసు తెచ్చింది.

"మా ఇంట్లో అన్ని గ్లాసెస్ మీద నానమ్మ నేమ్ ఉంది ఆంటీ. దీనికే లేదు. పాపం, లోన్లీగా ఉందని తెచ్చా. అమ్మ దీంతోనే రైస్ కొలుస్తుంది."

కార్డు మీద ఇంగ్లీషులో 'మా నానమ్మ గ్లాసు, నీటి హక్కు' అని రాసింది.

హేమశ్రీ గ్లాసు తిప్పి చూసింది. అంచున చిన్న గాటు ఉంది. చెంచా కొన్నా పేరు చెక్కించనిదే నిద్రపోని మనవాళ్లు ఒక గ్లాసును మాత్రం అలా వదిలేస్తారు. మిగతావాటిలో కలవకుండా గాటు పెట్టి, దొడ్డి గోడ గూట్లో ఉంచుతారు. సిరి వాళ్లు రాజమండ్రిలో ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఎవరో తెలియక సామానులో సర్దేసి ఉంటారు. వంటింటి గడప దాటకూడని గ్లాసు సముద్రాలు దాటి బియ్యం డబ్బాలో మకాం పెట్టింది.

ఆమె కళ్ల ముందు మ్యూజియం కరిగిపోయింది. దొడ్లో తడి మట్టి వాసన. అమ్మ గిన్నెలు తోమి, చేతులు తుడుచుకుని, గూట్లోంచి గ్లాసు తీసి పట్టుకుంటుంది. పైనుంచి నీళ్లు పోస్తారు. ముందు కూతురికి తాగించి, తర్వాత తను తాగుతుంది.

కార్డు బాగుందని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేకపోయింది.

"ఇది మీ నానమ్మది కాదు సిరీ. మీ ఇంట్లో పనిచేసినావిడ కోసం విడిగా ఉంచింది. మా అమ్మా ఇలాంటి గ్లాసులోనే తాగేది. నేనూ తాగాను."

సిరి గ్లాసు అందుకుని గాటు మీద వేలు పెట్టి చూసింది. తర్వాత కార్డు చింపి, ఈ గ్లాసు ఎందుకు విడిగా ఉండేదో కొత్తగా రాసింది. 'తాగిన మనిషి పేరు' అన్నచోట ఖాళీ వదిలింది.

ప్రదర్శన మొదలైన రోజు వాళ్ల నానమ్మ రమామణి వచ్చారు. గాటు చూడగానే ఆవిడ మొహం పాలిపోయింది.

"నలుగురూ చూసేచోట ఇదెందుకమ్మా?"

"చూడాలనేనండి. ఇందులో తాగినావిడ పేరు చెబితే రాస్తాం" అంది హేమశ్రీ.

"ఏమే అనే పిలిచేదాన్ని" అన్నారు రమామణి.

ఆ తర్వాత శనివారాలన్నీ ఆవిడ వచ్చి గ్లాసు ఎదురుగా బెంచీ మీద కూర్చునేవారు. కిటికీలోంచి నది వెలుగు గోడ మీద కదులుతుండేది. ఒకరోజు హేమశ్రీని పిలిచారు.

"గుర్తు రావట్లేదమ్మా. ఆ ఖాళీ చూడలేకపోతున్నాను. పోనీ, మీ అమ్మ పేరు రాయకూడదూ?"

హేమశ్రీకి కోపం ముంచుకొచ్చింది. "మా అమ్మ వెంకాయమ్మ. మీ ఇంట్లో తాగింది ఆవిడ కాదండి. ఎవరి పేరైతేనేం అని మీకు అనిపిస్తుంది, మాకు అలా కాదు."

ఆ ఊళ్లో అమ్మ పేరు పైకి అనడం అదే మొదటిసారి. ఇక ఏ వ్రతానికీ పిలుపు రాదనుకుంది. అయినా గుండె తేలికపడింది.

ప్రదర్శన ముగిసిన రోజు వస్తువులు ఇళ్లకు వెళ్లిపోతున్నాయి. సిరి గ్లాసు కడిగి, నీళ్లు పట్టుకుని తాగింది. మళ్లీ నింపి, "మీకూ కావాలా నానమ్మా?" అంది.

ఎంగిలి అంటే హడలిపోయే మనిషి రమామణి. పుట్టి బుద్ధెరిగాక గ్లాసు పెదవికి ఆనించి ఎరగరు, ఎత్తి పోసుకోవడమే. గ్లాసు అందుకుని ఎత్తబోయి ఆగారు. బొటనవేలు గాటు మీద పడింది. ఆ గాటు మీదే పెదవులు ఆనించి, అడుగు దాకా తాగారు. ఖాళీ గ్లాసు ఒళ్లో పెట్టుకుని ఏడ్చారు.

"గుర్తు రాలేదు హేమా" అన్నారు.

హేమశ్రీ పక్కన కూర్చుంది. ఓదార్చలేదు, లేచి వెళ్లిపోనూ లేదు.