ఏడో నియమం, ఎర్ర అంచు తువ్వాల

నేను రాసినవాటిలో ఊరంతా శ్రద్ధగా చదివింది ఒక్కటే. అది కవిత కాదు, వ్యాసం అసలే కాదు. మా కాలనీ జిమ్ము గోడమీది నియమాల బోర్డు. ఆ నియమాలు మొట్టమొదట ఎవరి మెడకు చుట్టుకున్నాయో ఇప్పుడు చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. అప్పట్లో మాత్రం వారం రోజులు బజారులో తలెత్తుకుని తిరగలేకపోయాను.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు జరిగిన సంగతి ఇది. నల్లగొండకు గంట దూరంలో ఉన్న మా చిన్న పట్నంలో పాత కమ్యూనిటీ హాలుకు సున్నం వేసి, నాలుగు యంత్రాలు తెచ్చి పెట్టి, దానికి జిమ్ము అని పేరు పెట్టారు. అందులో బరువులెత్తే బల్ల ఒకటి, గుంజుకునే తాళ్ల యంత్రం ఒకటి, నెల తిరక్కుండానే మూలపడ్డ నడక యంత్రం ఒకటి, ఎంత తొక్కినా ఉన్నచోటే ఉండే సైకిలు ఒకటి. మోకాళ్ల నొప్పులవాళ్లకూ, పొట్టలవాళ్లకూ, షుగరువాళ్లకూ అందరికీ కావలసింది ఆ సైకిలే.

నాకైతే మరీ కావాలి. ఆ ఏడాదే నాకు షుగరు బయటపడింది. దవాఖానలో డాక్టరు కాగితం చూసి, "ఇంకో రెండు నెలలు చూస్తం సార్. గప్పటికి తగ్గకపోతే గోళీలతోని కాదు, రోజూ సూది వేసుకోవాలె" అన్నాడు. నాకు సూదంటే ఎంత భయమో చెబితే మీరు నమ్మరు. బడికి టీకాలవాళ్లు వచ్చిన రోజున పిల్లలు ఏడుస్తూ వరుసలో నిలబడేవారు. తెలుగు సారునైన నేను మాత్రం హాజరు పట్టీ వెతికే నెపంతో స్టోర్ రూములో దాక్కునేవాణ్ణి.

కనుక ఆ రెండు నెలలూ సైకిలు దొరకడం నాకు ప్రాణసమస్య. అడ్డమల్లా యాదగిరి. పత్తి విత్తనాల దుకాణం ఆయనది. మనిషి మంచివాడే, కానీ బస్సు పద్ధతిని జిమ్ములోకి తెచ్చాడు. బస్సు ఆగకముందే వెంట పరిగెత్తి, కిటికీలోంచి సీటు మీద తువ్వాల వేస్తే ఆ సీటు మనదైపోతుంది కదా. యాదగిరి పొద్దున్నే వచ్చి సైకిలు మీద తువ్వాల పరిచి, ఎదురుగా ఉన్న హోటల్లో చాయ్ తాగడానికి పోయేవాడు. నేను వెళ్లేసరికి సైకిలు మీద మనిషి ఉండడు, తువ్వాల ఉంటుంది. దాన్ని తీసి పక్కన పెట్టే ధైర్యం మా జిల్లాలో ఎవరికుంది?

జిమ్ము కమిటీకి అధ్యక్షురాలు కరుణమ్మ సిస్టర్. ముప్పై ఏళ్లు సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆమె వార్డులోకి వస్తే రోగుల కంటే ముందు రోగాలు సర్దుకునేవని చెప్పుకునేవారు. నేను ఆమె దగ్గరకు పోయి మొర పెట్టుకున్నాను.

"నియమాలు లేకుంటే గిట్లనే ఉంటది సార్. మీరు తెలుగు సార్లు, మీరే రాయుండ్రి" అంది.

అడిగిందే చాలన్నట్టు రాశాను. రెండు రాత్రులు కూర్చుని పన్నెండు నియమాలు రాశాను. ఒకటో నియమం, ఆడవాళ్లకు పొద్దున ఆరున్నర వరకు, మగవాళ్లకు ఆ తర్వాత. మూడోది, బయటి చెప్పులు గడప దగ్గర విడిచి లోపలికి వేరే బూట్లు తొడుక్కోవాలి. ఐదోది, ప్రతి సభ్యుడూ తువ్వాల తెచ్చుకోవాలి, దాని మీద పేరు దారంతో కుట్టి ఉండాలి. ఇక ఏడోది యాదగిరిని కళ్లముందు పెట్టుకుని రాసింది. "యంత్రములపై తువ్వాల వేసి జాగా ఆపువారు ఎంతటివారైనను నెల దినములు సభ్యత్వము కోల్పోవుదురు. ఈ శిక్షను తగ్గించు అధికారము ఎవరికిని లేదు."

బోర్డు కట్టిన రోజున నా ఆనందం చూడాలి. యాదగిరి దాన్ని కిందినుంచి పైదాకా చదివి, "ఏడోది గట్టిగున్నది సార్" అన్నాడు. నేను నవ్వాను. ఇంట్లో నా భార్య సుజాత నా తువ్వాల ఎర్ర అంచు పక్కన పచ్చదారంతో నా పేరు కుట్టింది. పేరు చాలదని కింద 'తెలుగు సార్' అని కూడా కుట్టింది. ఆ ముచ్చట నేనే అడిగి కుట్టించుకున్నాను, ఆమె తప్పేమీ లేదు.

నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజున ఆరుంపావు దాటాక స్కూటరు మీద జిమ్ముకు వెళ్లాను. మా ఇంటికీ జిమ్ముకూ మధ్య రెండొందల అడుగులుంటాయి. వ్యాయామానికి స్కూటరు మీద వెళ్లడంలో వింత ఉందని అప్పటికి నాకు తోచలేదు. రాత్రి మంచుకు తడిసిన స్కూటరు సీటును తువ్వాలతోనే తుడిచాను.

తలుపు ఇంకా మూసే ఉంది. గడప దగ్గర ఆడవాళ్ల చెప్పులన్నీ పోయి ఒక్క జత మిగిలింది. ఊడ్చే ఆమెవి కావచ్చనుకున్నాను. కిటికీకి కరుణమ్మ సిస్టర్ పాత నారాయణపేట చీర అడ్డంగా కట్టి ఉంది. లోపల సైకిలు కిర్రుకిర్రు ఆగిపోయింది. అంటే ఖాళీ అయిందన్నమాట. ఇంతలో రోడ్డు మలుపులో యాదగిరి కనిపించాడు. ఆయన అప్పటికే బూట్లు తొడుక్కుని వస్తున్నాడు. నేనింకా చెప్పుల్లో ఉన్నాను, బూట్లు సంచిలో ఉన్నాయి.

ఇక్కడ మీకొక మాట చెప్పుకోవాలి. నేను పద్దెనిమిదేళ్లు మర్రిగూడ బస్సులో బడికి పోయి వచ్చినవాణ్ణి. కిటికీ, పక్కన పోటీకి వచ్చే మనిషి, భుజం మీద తువ్వాల, ఈ మూడూ ఒకచోట కలిస్తే నా చెయ్యి నన్ను అడగదు. చీర పక్కకు జరగడం, తువ్వాల లోపలికి పోవడం రెప్పపాటులో అయిపోయాయి. సరిగ్గా సైకిలు మీదే పడ్డట్టు మెత్తని చప్పుడు కూడా వినిపించింది. పద్దెనిమిదేళ్ల అనుభవం ఊరికే పోదు కదా అనుకున్నాను.

"ఎవ్వనిదిరా గీ తువ్వాల?"

ఆ గొంతు కరుణమ్మ సిస్టర్‌ది. ఆమె సైకిలు దిగలేదు, దమ్ము తీసుకోవడానికి తొక్కడం ఆపిందంతే. నా తువ్వాల ఆమె తల మీద ముసుగులా పడింది. నేను కిటికీ కింద గబుక్కున కూర్చున్నాను. అప్పుడే యాదగిరి వచ్చాడు.

"సార్, గక్కడ కూసున్నరేంది?"

"లేసు కట్టుకుంటున్న."

ఆయన వంగి చూశాడు. "చెప్పులకు లేసులేడియి సార్?"

లోపలినుంచి పేరు చదువుతున్న గొంతు వినిపించింది. పేరు తర్వాత కొంచెం ఆగి, 'తెలుగు సార్' అని కూడా చదివింది.

ఆరున్నరకు సిస్టర్ తలుపు తీసింది. అప్పటికి మగ సభ్యులు పదిమంది దాకా పోగయ్యారు. ఆమె తువ్వాలను రెండు వేళ్లతో పట్టుకుని, "నా అద్దాలు ఇంట్ల ఉన్నయి సార్. జర ఏడోది మీరే చదువుండ్రి" అంది. తువ్వాల మీది చిన్న పచ్చదారం అద్దాలు లేకుండానే చదివిన మనిషికి గోడమీది పెద్దక్షరాలు ఆనలేదట.

చదివాను. 'ఎంతటివారైనను' దగ్గర నా గొంతు సన్నగిల్లింది.

"ఇనొస్తలేదు సార్" అన్నాడు వెనకనుంచి యాదగిరి.

మళ్లీ చదివాను. తర్వాత నా వాదన నేను వినిపించాను. "సిస్టర్, జాగా ఆపుడంటే ఖాళీ యంత్రం మీద వేస్తేనే గద. గిది ఖాళీగ లేదు, మీరున్నరు."

"అంటే నన్ను ఆపిండ్రా సార్?"

పదిమందీ ఒక్కసారి పక్కకు తిరిగి దగ్గారు. నా పరువు ఆ దగ్గుల్లో కొట్టుకుపోయింది. చివరికి ఉన్న మాటే చెప్పుకున్నాను. "సిస్టర్, నెల తర్వాత షుగర్ పరీక్ష ఉన్నది. సైకిల్ లేకుంటే నాకు సూది తప్పదు. ఈ ఒక్కసారికి తగ్గించుండ్రి."

"తగ్గించే అధికారం నాకు లేదు సార్. మీరే రాసిండ్రు" అంది ఆమె. నిజం చెప్పాలంటే ఆ గొంతులో కొంచెం జాలి ఉంది. జాలితో సైకిలు రాదు.

ఇంటికి చేరేసరికి కబురు నాకంటే ముందు చేరింది. సుజాత వంటింటి గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకుంటోంది. ఏడుస్తోందేమోనని దగ్గరికి పోయాను. నవ్వుతోంది.

"ఇగ షుగర్ సంగతేంది?" అన్నాను దిగులుగా.

"కాళ్లు లేవా మీకు?" అని స్కూటరు తాళంచెవి తీసుకుని కొంగున ముడేసుకుంది. "బస్టాండ్ దాక నడువుండ్రి. వచ్చేటప్పుడు కూడ నడువుండ్రి. నెల దినాలు దీనికి కూడ సభ్యత్వం రద్దు."

నడిచాను. పొద్దున బడి బస్సెక్కడానికి బస్టాండుకు, సాయంత్రం బస్టాండు నుంచి ఇంటికి. మొదటి వారం చాయ్ హోటలు ముందు తల దించుకుని నడిచేవాణ్ణి. ఎవరో ఒకరు, "సార్, తువ్వాల మరిచిపోయిండ్రా?" అని అడిగేవారు. రెండో వారానికి నేనే ముందుగా భుజం చూపించి, "లేదు, ఇగో" అనడం నేర్చుకున్నాను. మూడో వారానికి ఇల్లు దాటి, ఊరిబయట పత్తిచేల దాకా పోయి రావడం మొదలుపెట్టాను. చల్లగాలి, పచ్చటి చేలు, మధ్యాహ్నం మంచి ఆకలి. ఆ దారి నాకు నచ్చిందని ఎవరితోనూ చెప్పలేదు. శిక్షను అనుభవించేవాడు సంతోషంగా కనబడితే బాగుండదు కదా.

నెల నిండింది. కరుణమ్మ సిస్టర్ దగ్గర షుగరు చూసే చిన్న మిషను ఉంది. పొద్దున్నే పరగడుపున జిమ్ముకు వెళ్లి, కళ్లు గట్టిగా మూసుకుని వేలు చాపాను. ఆమె గుచ్చి చూసింది, నమ్మక ఇంకో వేలికి గుచ్చి చూసింది.

"మంచిగ తగ్గింది సార్. డాక్టర్‌కు చూపిస్తే సూది మాట ఎత్తడు. ఏం చేసిండ్రు?"

"నడిచిన సిస్టర్."

సంతోషంగా సంచిలోంచి బూట్లు తీశాను. "నెల అయిపోయింది గద. ఇగ సైకిల్ ఎక్కుత."

ఆమె బోర్డు వైపు చూసింది. ఈసారి అద్దాలు పెట్టుకుని చదివింది. "శిక్ష తగ్గించే అధికారం ఎవ్వరికి లేదని రాసిండ్రు. పెంచే అధికారం లేదని రాయలే. ఇంకో మూడు నెలలు పెంచుతున్న."

"న్యాయం సిస్టర్" అన్నాడు యాదగిరి సైకిలు మీదనుంచి, తొక్కడం ఆపకుండానే.

ఆ బోర్డు ముందు నిలబడి, బూట్లు చేతబట్టుకుని నేను ప్రమాణం చేశాను. ఇకమీదట బస్సు కిటికీలోకి తప్ప మరే కిటికీలోకీ తువ్వాల వేయను. తువ్వాల మీద ఉద్యోగం పేరు కుట్టించుకోను. ఎవరి కోసమూ నియమాలు రాయను. తప్పక రాయవలసి వస్తే, 'ఎంతటివారైనను' అన్న మాట పక్కనే 'తెలుగు సారు తప్ప' అని మొదటే చేరుస్తాను.