మా బావ లాండ్రీకి లాటిన్ పేరు

ముందే హెచ్చరిస్తున్నాను, ఇది ఒక శుభకార్యం సర్వనాశనమైన కథ. మామిడి తోరణాలు కట్టి, ఊళ్ళో పెద్దమనుషులందరినీ పిలిచి, వాళ్ళ ముందు నా పరువును నానబెట్టి, బండకేసి బాది, పిండి ఆరేసిన కథ. తప్పంతా నాదేనని మా ఇంట్లో ఏకగ్రీవంగా తీర్మానించారు. నేను ఈనాటికీ ఒప్పుకోను. తప్పు రోమనులది. ఎందుకో చెబుతాను, మీరే తీర్పు చెప్పండి.

అప్పట్లో నేను తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాణ్ణి. ఉద్యోగం కొత్త, మీసం కొత్త, గర్వం మాత్రం పుట్టుకతో వచ్చింది. చెట్లకు లాటిన్ పేర్లుంటాయి కదా, అవి నాకు చాలానే నోటికొచ్చు. అందుచేత నాకు లాటిన్ వచ్చని నమ్మాను. కూరగాయల పేర్లు తెలిసినవాడు వంట వచ్చని చెప్పుకున్నట్టు! ఎవరింటికైనా భోజనానికి వెళితే, విస్తట్లో కరివేపాకు పక్కకు తీస్తూ "మురయా కొయినిగీ" అని గంభీరంగా అనేవాణ్ణి. మా అక్క ఇంట్లో అయితే ఆమె అత్తగారు ఆండాళమ్మ కంగారుపడి, "ఏందిరా, నాలిక కరుసుకున్నావా?" అని నీళ్ళు అందించేది.

అక్క మొగుడు వరదబావ ఉన్న గుమాస్తా ఉద్యోగం మానేసి లాండ్రీ పెట్టడానికి పూనుకున్నది ఆ రోజుల్లోనే. పెద్ద షెడ్డు, బీరువాలంత ఉతికే యంత్రాలు, బుస్సుమనే ఆవిరి ఇస్త్రీలు. ఇది మునిగితే ఇంటిల్లిపాదీ మునుగుతారు. అన్నీ అమర్చుకున్నాడు, పేరు మాత్రం మిగిలింది.

"రంగా, నీకు లాటిన్ వస్తుందంట కదప్పా. గొప్పగా ఒక పేరు చెప్పు. ఈ ఊళ్ళో యాడ సూసినా అంగళ్ళకు స్వామి పేరే ఉండాది. మనది వేరే మాదిరి ఉండాల."

నాకు రెక్కలొచ్చాయి.

"బావా, లాటిన్‌లో ఉతకడాన్ని లవారే అంటారు."

"లవ్వారే? కొండకు పొయ్యే దోవలో లవ్వని బోర్డు పెడితే జనం చెప్పులు ఇడిసి కొడతారు. ఇంకోటి చెప్పు."

"లావాక్రుం. అంటే స్నానం."

"ఆడ బట్టలేస్తే మనిషి లావైపోతాడనుకుంటారబ్బా."

"అబ్లూటియో. శుద్ధి చేయడం."

"నోరు తిరగలా."

"పోనీ, లోటియో. కడగడం, ఉతకడం. మొహానికి పూసుకునే లోషన్ దీన్నుంచే వచ్చింది."

బావ మొహం వెలిగింది. అక్కడితో నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ లోటియో అన్న మాట చివర నాకు ఠీవి చాలినట్టు అనిపించలేదు. పత్తి మొక్కను గాసిపియం అంటారు. ఆ చివర 'యం' ఎంత దర్జాగా ఉంది! పత్తి గాసిపియం అయినప్పుడు ఆ పత్తి బట్టను ఉతికేది లోటియం కాక ఇంకేమవుతుంది? ఇదీ నా తర్కం. నిఘంటువు చూశావా అంటారా? ఇడ్లీ తినే ముందు మీరు నిఘంటువు చూస్తారా?

"లోటు అని వినపడతాండాదే," అని బావ నసిగాడు.

"లోటు తీర్చేదే లోటియం, బావా!"

అయిపోయింది. నీలం బోర్డు మీద తెల్లటి పెద్ద అక్షరాలు: లోటియం లాండ్రీ. దాని కింద నా సొంత కవిత్వం: 'లోటియంలో ముంచండి, ముత్యంలా మెరవండి!' అది చాలనట్టు బట్టలు తెచ్చే వ్యాను మీద ఇంకో వాక్యం రాయించాను: 'స్వచ్ఛమైన లోటియం, మీ గుమ్మం ముందుకే!'

ప్రారంభం రోజు పొద్దున్నే జనం వచ్చారు. బావ కళ్ళు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి. చిత్తూరులో ఒక పెద్ద ఆసుపత్రి నడిపే కాన్వెంటు సిస్టరమ్మ వస్తానంది. అక్కడి పడకల దుప్పట్లన్నీ ఉతికే పని ఇస్తే బావ గట్టెక్కినట్టే. ఆమె ఫారిన్‌లో చదివిందని బావకు తెలుసు. ఆ ఫారిన్ రోమ్ నగరమని తెలియదు. తెలిసినా ఆయన నాకు చెప్పేవాడు కాదు, రోమ్‌కూ లాటిన్‌కూ చుట్టరికం ఉందని ఆయనకెలా తెలుస్తుంది?

చిత్తూరు నుంచి పూతలపట్టు మీదుగా వచ్చిన కారు ఆగింది. తెల్లని బట్టల్లో, తెల్లని జుట్టుతో సిస్టరమ్మ దిగి, తలెత్తి బోర్డు చదివింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివింది. ఆ తర్వాత వ్యాను వైపు తిరిగి అది కూడా చదివి, నోటికి చేతిగుడ్డ అడ్డం పెట్టుకుంది. ఆమె దగ్గు వచ్చి అలా చేసిందనుకున్నాను, పిచ్చివాణ్ణి.

"ఈ పేరు ఎవురు పెట్టినారప్పా?"

బావ నన్ను పెళ్ళికొడుకును తోసినట్టు ముందుకు తోశాడు. "మా బామ్మర్ది, సిస్టర్. లాటిన్ మంచినీళ్ళ మాదిరి తాగేసినాడు."

ఆమె నా వైపు చూసి, మెల్లగా లాటిన్‌లో ఏదో అడిగింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. చుట్టూ జనం. జవాబు చెప్పకపోతే ఎలా? పైన తోరణం కనపడింది. వేలు చూపించి, "మాంగిఫెరా ఇండికా," అన్నాను.

ఆమె తల ఊపింది. నాకు ధైర్యం వచ్చి బావ చేతిలో ఉన్న కొబ్బరికాయను చూపించి, "కోకోస్ న్యూసిఫెరా," అన్నాను.

"ఓహో, నీది చెట్ల లాటినా! ఒక్క నిమిషం ఇట్ల రా నాయనా," అని నన్ను యంత్రాల పక్కకు తీసుకెళ్ళింది. "నువ్వు ఏమనుకోని ఆ పేరు పెట్టినావు?"

"ఉతకడం అనమ్మా."

"ఉతకడం లోటియో. నువ్వు రాసింది లోటియం."

"చివర్లో తోకే కదమ్మా మార్చినాను!"

"ఆ తోకలోనే ఉండాది తంటా అంతా. లోటియం అంటే మూత్రం."

యంత్రాలకు ఇంకా స్విచ్ వేయలేదు గానీ, నా తల మాత్రం గిర్రున తిరగడం మొదలుపెట్టింది. "ఉతకడానికీ దానికీ ఏం సంబంధమమ్మా?" అని కోపంగానే నిలదీశాను.

"రోమనులు దాంట్లోనే ఉతికేవాళ్ళు నాయనా. వీధుల్లో కుండలు పెట్టి పట్టుకోని, పులియబెట్టి, బట్టలేసి కాళ్ళతో తొక్కేవాళ్ళు. అమోనియా కదా, మురికి బాగా పోతుంది. ఉతికే మాట నుంచే ఉతికే సరుకుకు పేరొచ్చింది."

చూశారా? న్యాయమేనా ఇది? ప్రపంచాన్ని ఏలారట, కొండల మీది నుంచి కాలువలు కట్టి నీళ్ళు తెచ్చుకున్నారట, చలవరాతి స్నానశాలలు కట్టుకున్నారట. ఇంతా చేసి బట్టలు ముంచేది దేంట్లో? మా వడమాలపేట వైపు ఏ ముసలమ్మను అడిగినా కుంకుడుకాయలు చూపించేది! చవిటి మట్టి చూపించేది! అంత పెద్ద సామ్రాజ్యంలో అడిగే దిక్కు లేకపోయిందా? పైగా ఆ పాడుపనికి అంత అందమైన పేరా? దాని చివర 'యం' అని ఠీవి ఒకటా?

ఈలోగా ఆండాళమ్మ మడిచీర పైకెత్తి పట్టుకుని వచ్చేసింది. "ఏందిరా రంగా, ఆయమ్మ ఏమంటాండాది?"

"లాటిన్‌లో ఆశీర్వదిస్తా ఉండారు అత్తా."

"అట్లయితే నీ మొగం ఆముదం తాగినట్టు ఎందుకుండాది?"

సిస్టరమ్మ అబద్ధమాడదు కదా, ఉన్నమాట చెప్పేసింది. ఆండాళమ్మ కాసేపు బోర్డు వంక చూసింది. ఆ తర్వాత ఆమె వేసిన కేక రేణిగుంట దాకా వినపడి ఉంటుంది.

"మడిపంచలు ఉతికే అంగడికి ఉచ్చ అని పేరు పెట్టినావంట్రా!"

ఆండాళమ్మకు అంతలో ఏదో ఆశ తోచి, సిస్టరమ్మ వైపు తిరిగింది. "అమ్మా, అది ఆవుదా, మనిషిదా? ఆవుదయితే పుణ్యాహవాచనమనుకోని సర్దుకుందాం."

"ఎక్కువగా మనుషులదేనమ్మా."

"అయ్యో, నా ఖర్మా!" అని ఆవిడ అక్కడే ఉన్న డిటర్జెంట్ బస్తా మీద కూలబడింది.

బావ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. వ్యాను మీద రాసిన వాక్యం వైపు వేలు చూపించాడు. "మీ గుమ్మం ముందుకే, అని కూడా రాయించినాడు సిస్టర్," అన్నాడు ఏడుపు గొంతుతో.

కొండనాలుకకు లాటిన్ వేస్తే ఉన్న తెలుగు కూడా ఊడుతుందంటే ఇదే. బుద్ధున్నవాడెవడైనా అక్కణ్ణుంచి పారిపోతాడు. నాకేమో రోషం వచ్చింది. "అయితే లవాట్రినా అని మారుద్దాం! నేను చదివినాను, స్నానం చేసే చోటు అని అర్థం. దీంట్లో తోక నాది కాదు, వాళ్ళదే!"

సిస్టరమ్మ జాలిగా చూసింది. "అది వాళ్ళ నోట్లో అరిగి అరిగి లాట్రినా అయింది నాయనా. ఇప్పుడు మనం లెట్రిన్ అంటాండేది దాన్నే."

"వీళ్ళ దుంప తెగ! శుభ్రమైన మాట ఒక్కటి మిగల్చరా?"

"మిగిల్చినారు. నువ్వు పక్కనే రాసుకున్నావు కదా, లాండ్రీ అని. దాని ముత్తాత కూడా లాటినే. ఆ ఒక్క మాట ఉంచినా నీకు లాటిన్ పేరు ఉండేది."

ఇంతకన్నా అవమానం ఉంటుందా చెప్పండి! ఊరందరికీ తెలిసిన మాట లాటిన్ మాటట. దాని పక్కన పెట్టడానికి నేను పనిగట్టుకుని వెతికి వెతికి మూత్రం తెచ్చాను! అడుసు తొక్కనేల, రోమనుల కుండలో కాలు కడగనేల!

బావ నిచ్చెన ఎక్కి, కొత్త దుప్పటి ఒకటి తెచ్చి బోర్డు మీద కప్పాడు. కిందికి దిగి, సిస్టరమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మీ దుప్పట్లు మాకియ్యరు కదా సిస్టర్? నాకు తెలుసు. నేనైనా ఇయ్యను."

"ఎందుకియ్యను? ఇస్తాను," అంది ఆవిడ. "బోర్డు మాత్రం మార్చప్పా. లోటియం మీరు తేవాల్సిన పని లేదు. మా ఆసుపత్రి దుప్పట్లలో అది దండిగా వస్తుంది. మీరు తీసేస్తే చాలు."

అంతవరకూ నవ్వు బిగబట్టుకున్న జనం ఒక్కసారిగా పగలబడి నవ్వారు. బస్తా మీద కూర్చున్న ఆండాళమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. బావ కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతూనే ఉంది.

లాండ్రీ ఇప్పుడు 'వరదా లాండ్రీ' పేరుతో మహా బాగా నడుస్తోంది. నేను మాత్రం తడిబట్టతో నిలబడి ప్రమాణం చేశాను: రాని భాషలో పేరు పెట్టను, వచ్చిన భాషలోనైనా మాటకు తోక తగిలించను, నిఘంటువు చూడకుండా కాకరకాయను కూడా కాకరకాయ అనను. ఇంకొక్కటి. ఎప్పుడైనా రోమనులు తిరుపతికి దర్శనానికొచ్చి, మా బావ అంగడికి బట్టలు తెస్తే, వాసన చూడకుండా ఒక్క గుడ్డ కూడా లోపలికి రానివ్వను. ఇది నా ప్రతిజ్ఞ.