ఐలవ్వ నాటిన వావిలి

మంథని దగ్గరి ఆ ఊళ్లో చెరువు ఏటా కొంత ఒడ్డును తినేది. వానలు ముందటిలా కుదురుగా పడటం మానేశాయి. పడితే ఒక్కసారే కుమ్మరించేవి. ఈదురుగాలికి లేచిన అలలు ఊరి కొసన ఉన్న ఇళ్ల వెనుక మట్టిని పెళ్లలు పెళ్లలుగా కూల్చేవి.

ఆ కొసన ఉండే ఐలవ్వ ఒడ్డు పొడుగునా వావిలి కొమ్మలు నాటింది. నీళ్ల అంచున తుంగ దుబ్బులు పాతింది. వావిలికి మేకలు నోరు పెట్టవు. ఆ సంగతి పుట్టింటి వాగు గట్టున చూసి తెలుసుకుందామె. పక్కింటి యాదవ్వ ఒక్కతే ఆమెతోపాటు బిందెలు మోసింది. కొన్నేళ్లకు పొద గోడలా అల్లుకుంది. అలలు అందులో దూరి నీరసించేవి. ఒడ్డు నిలిచింది.

ఎనభై ఏడు ఎండాకాలంలో రాజేశ్వర్‌రావు దొర తన పొలానికి నీళ్లు తోడే మోటరు అక్కడ పెట్టాలనుకున్నాడు. పొద తగలబెట్టమని తన జీతగాడు నాగయ్యకు చెప్పాడు. నాగయ్య ఐలవ్వ మొగుడు.

"నా పెండ్లామే పెట్టింది దొరా..."

"అందుకే నిన్ను అంటువెట్టుమన్న."

ఐలవ్వ పొదకు అడ్డంగా పడుకుంది. నాగయ్య ఆమెను జుట్టు పట్టి ఈడ్చాడు. ఏడుస్తూనే కిరోసిన్ చల్లాడు. యాదవ్వ వాకిట్లో నిలబడి చూసింది. ఆమె మొగుడూ దొర దగ్గరే పనిచేసేవాడు.

వానాకాలంలో చెరువు పొంగింది. మోటరు విప్పుకు రమ్మని దొర నాగయ్యను పంపాడు. అతను బోల్టులు తీస్తుండగానే ఒడ్డు విరిగింది. మోటరుతోపాటు మనిషీ నీళ్లలో పడ్డాడు.

మర్నాడు శవం తేలింది. దొర వచ్చి చూశాడు.

"మోటరు ఏడ పడ్డదో జర దేవులాడుండ్రి," అన్నాడు.



మరుసటి ఏడు యాదవ్వ తనే కొమ్మలు తెచ్చి తన ఇంటి వెనుక నాటింది. అవి చిగురు వేశాక ఐలవ్వ పట్టపగలు వెళ్లి ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టింది.

"అక్కా, నీ కాళ్లు మొక్కుత! పిల్లలున్న ఇల్లు," అని యాదవ్వ చెయ్యి పట్టుకుంది.

ఐలవ్వ విదిలించుకుంది. "ఆనాడు నిలవడి సూసినవు గద. గిప్పుడు గూడ సూడు."

ఆ వానలకు యాదవ్వ ఇంటి వెనుక గోడ చెరువులోకి జారింది. ఆమె పిల్లల్ని తీసుకుని భైంసాలో పత్తి పనికి పోయింది. ఆ కోత పక్కకు పాకి కొద్ది రోజులకే ఐలవ్వ ఇల్లూ కూలింది. చేరదీసేవాళ్లెవరూ లేక ఆమె దొర గడప ముందు నిలబడింది.

దొర భార్య జానకీబాయి పశువుల కొట్టం చూపించింది. "పెండ తియ్యి. ఓ మూలకు పండు."

ఐలవ్వ చీపురు అందుకుంది. చచ్చేదాకా ఆ కొట్టంలోనే ఉంది.