దేవుడు ‘రా’ అంటాడా?

మా సంఘంలో ప్రార్థనకు నేను పెట్టింది పేరు. దేవరకొండ పక్కన మా ఊళ్లో పెళ్లయినా, సమాధి కార్యక్రమమైనా మైకు నా చేతికే ఇచ్చేవారు. ఆదాముతో మొదలుపెట్టి మా ఊరి దాకా వచ్చేసరికి సగం మంది కునుకు తీసేవారు. దాన్ని నేను పరిశుద్ధాత్మ కార్యం అనుకునేవాణ్ణి.

తమ్ముడి కొత్తింటి ప్రార్థన రోజు నేనింకా నోవహు ఓడ దిగనేలేదు, వాడు మైకు లాక్కుని "ఆమేన్" అనేశాడు. "అన్నా, అన్నం సల్లారుతాంది. దేవునికి తెల్వనిదేమన్న చెప్తున్నవా?" అన్నాడు. జనం నవ్వారు. నేను తినకుండా వచ్చేశాను. రెండేళ్లు వాడితో మాట్లాడలేదు. అయితే రోజూ వాడి కోసం ప్రార్థించాను: "ప్రభువా, వాని కఠిన హృదయమును మార్చుము."

ఒక ఆదివారం పాస్టరు గారు, "ప్రార్థనలో మనం చెప్పాల్సింది చెప్పి ఫోన్ పెట్టేస్తున్నాం. ఇకనుంచి రోజూ పావుగంట నోరు మూసుకుని దేవుడి మాట వినండి, వినపడింది రాసుకోండి" అన్నారు. అంటున్నంతసేపూ నా వైపే చూశారు. నేను పెద్ద నోటుబుక్కు కొన్నాను. పొద్దున్నే స్నానం చేసి, పెన్ను మూత తీసి కూర్చునేవాణ్ణి. దేవుడికి శ్రమ తగ్గుతుందని మొదటి పేజీలో "నా కుమారుడా" అని ముందే రాసి ఉంచాను.

మూడో రోజు నిజంగానే లోపల ఒక మాట వినిపించింది. "పోయి తమ్మునితోని మాట్లాడురా. గింతదానికే గిన్నొద్దులు అలుగుతరా?"

రాయలేదు. దేవుడు ‘రా’ అంటాడా? బైబిల్లో ఎక్కడైనా ‘గింత’ ఉందా? ఇది సాతాను పనే అని గద్దించాను. మర్నాడూ అదే మాట. వారం రోజులు గద్దించాను. తెలంగాణ వచ్చాక "మన యాసే మన గౌరవం" అని స్టాఫ్ రూములో బల్ల గుద్ది వాదించిన పంతులును నేనే. ఆ గౌరవం దేవుడికి ఇవ్వాలని మాత్రం తోచలేదు.

సాతాను శోధిస్తున్నాడని అమ్మతో చెప్పుకున్నాను. అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ఏమంటాండు?"

చెప్పాను. అమ్మ చేతిలో కాయ పక్కన పెట్టింది.

"మీ ఇద్దర్ని కలుపుడు సైతానుకేం పనిరా? నాతోని దేవుడెప్పుడు గట్లనే మాట్లాడతడు. పుస్తకం లెక్క మాట్లాడితే నాకేం సమజైతది?"

సిగ్గేసింది. ఇల్లంతా నా ప్రార్థనలతో దద్దరిల్లుతుంటే, చదువురాని మా అమ్మ వంటింట్లో కూర్చుని ఇన్నేళ్లూ దేవుడి మాట వింటూనే ఉంది.

ఆ మధ్యాహ్నమే బయల్దేరాను. తమ్ముడు గుమ్మంలో నన్ను చూశాడు. "వచ్చినవా అన్నా? తిన్నవా?" అన్నాడు. నా సమాధానం కోసం ఆగకుండా లోపలికి తీసుకెళ్లి కంచం పెట్టించాడు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం.

"ప్రార్థన నువ్వే చెయ్యి" అన్నాడు.

కళ్లు మూసుకున్నాను. ఆదాము రాలేదు, నోవహు రాలేదు.

"ప్రభువా, వచ్చిన. జర ఆలస్యమైంది" అన్నాను. ఇంకేమీ రాలేదు. ఆమేన్ అనడం కూడా మర్చిపోయి కళ్లు తెరిచాను.

అన్నం చల్లారిపోతోంది. తమ్ముడు మాత్రం తల వంచుకుని, నేనింకా ఏమైనా అంటానేమోనని వింటూ కూర్చున్నాడు.