వాసుదేవరావుగారి ప్రచ్ఛన్న యుద్ధం

వాసుదేవరావుగారి లెక్క ప్రకారం సోవియట్ యూనియన్ కూలిపోలేదు. మరమ్మతుల కోసం మూసి ఉంచారు, అంతే. ఈ మాట ఆయన అట్లాంటా పక్కన అల్ఫారెట్టాలో, సొంత ఇంటి వెనక చెక్కల డెక్ మీద కూర్చుని, అమెరికా ప్రభుత్వం ఠంచనుగా పంపే పింఛను అనుభవిస్తూ చెబుతారు. ఎనభై దగ్గరపడుతున్న రిటైర్డ్ మెటలర్జీ ఇంజనీరు. బీపీ మాత్ర వేసుకోవడం మరిచిపోతారు గానీ, ఏ రాకెట్టు ఎవరు ముందు ఎగరేశారో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

అంత ప్రేమ ఉన్నవాళ్ళు మాస్కో పోకుండా అట్లాంటా ఎందుకొచ్చారని అడగని తెలుగువాడు ఆ ఊళ్ళో లేడు. శత్రు శిబిరాన్ని లోపలి నుంచి పరిశీలించడానికి, అంటారాయన. ఇంట్లో కారు జపానుది. అది అలీన విధానమట. పౌరసత్వం ఇంటర్వ్యూలో, మీరెప్పుడైనా కమ్యూనిస్టు పార్టీలో సభ్యులుగా ఉన్నారా అని ఆఫీసరు అడిగితే ఆయన లేదన్నారు. అది నిజమే. కానీ ఇంటికొచ్చి అన్నం తినకుండా కూర్చున్నారు. ఇన్నేళ్ళలో ఒక్కడంటే ఒక్కడు తనని పార్టీలో చేరమని పిలవలేదన్న సంగతి ఆయనకి అప్పుడే తట్టింది. పౌరసత్వం వచ్చిన రోజున మొగుణ్ణి ఓదార్చాల్సి వచ్చిన ఆడది తానొక్కతేనని ఆండాళ్‌గారు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆయన్ని చెడగొట్టింది తెనాలి బజారు. చిన్నప్పుడు అక్కడికి పుస్తకాల వ్యాను వచ్చేది. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు, నున్నటి కాగితం, రంగురంగుల బొమ్మలు, వేరుశనక్కాయల ఖరీదుకే దొరికేవి. ఇంత మంచి కాగితం మీద అబద్ధాలు అచ్చువెయ్యరని ఆయన ఆ వయసులో నమ్మారు. సరిగ్గా అదే రోజుల్లో బాపట్ల దగ్గర ఒక మిషన్ హాస్టల్లో ఆనందబాబుగారు అమెరికా పాలపొడి తాగి పెరుగుతున్నారు. డబ్బా మీద రెండు చేతులు కలుపుకున్న బొమ్మ ఉండేది. ఆ రెండో చెయ్యి తనదేనని ఆయన అనుకునేవారు.

ఈ ఇద్దరూ పోయి పోయి అల్ఫారెట్టాలో రెండు వీధుల దూరంలో ఇళ్ళు కొనుక్కున్నారు. ఆనందబాబుగారు జీవితమంతా బాయిలర్లు డిజైన్ చేసి రిటైరయ్యారు, తెలుగు చర్చిలో పెద్ద. భార్య దేవకుమారిగారు నర్సుగా చేశారు. వరస కలుపుకుంటే ఆండాళ్‌గారికి ఆనందబాబుగారు అన్నయ్య, దేవకుమారిగారు వదిన. ఆ లెక్కన మగవాళ్ళిద్దరూ బావగార్లు. బావగార్లిద్దరూ రోజూ పొద్దున్న దేవకుమారిగారి కాఫీ తాగుతూ ప్రపంచాన్ని చెరిసగం పంచుకుని కొట్టుకునేవారు.

"మనిషిని ముందు ఆకాశంలోకి పంపిందెవరు బావగారూ?"

"పంపడం ఎవడైనా పంపుతాడు. చంద్రుడి మీద దిగిందెవరు?"

"దిగి ఏం తెచ్చారు? రాళ్ళు."

"మీవాళ్ళకి భూమ్మీదే బ్రెడ్ దొరకలేదు. క్యూలో నుంచున్నారు పాపం."

ఇది నలభై ఏళ్ళ ముచ్చట. అయితే ఈ మధ్య రెండేళ్ళుగా వాసుదేవరావుగారు మరీ మితిమీరిపోయారని ఆండాళ్‌గారికి అనిపించింది. రోజూ అవే మాటలు, అదే వరస. కొత్త సంగతి ఒక్కటి ఉండదు. వెళ్ళడం, కయ్యానికి కాలు దువ్వడం, ఆనందబాబుగారి చేత అరిపించి తృప్తిగా ఇంటికి రావడం. ముసలితనంలో చాదస్తం ముదిరిందని ఆవిడ సరిపెట్టుకున్నారు.

కానీ ఆనందబాబుగారి పెళ్ళి స్వర్ణోత్సవం రోజున సరిపెట్టుకోలేకపోయారు. చర్చి హాల్లో పాస్టరుగారి ప్రార్థన అయింది. మనవలు ఎవాన్, ప్రిస్సిల్లా కేకు పట్టుకుని నుంచున్నారు. ఆనందబాబుగారు పెళ్ళికొడుకులా సూటు వేసుకుని, ఎవరు పలకరించినా ఒకే నవ్వు నవ్వుతూ కూర్చున్నారు. నాలుగు మంచి మాటలు చెప్పమని వాసుదేవరావుగారి చేతికి మైకు ఇచ్చారు. ఆయన గొంతు సవరించుకుని, "క్యూబా విషయంలో ముందు భయపడింది మీవాళ్ళే బావగారూ" అన్నారు.

అంతే. ఆనందబాబుగారు లేచి నుంచుని బల్ల గుద్ది, క్షిపణులు, ఓడలు, ఎవరు ఎవరికి ఏం కబురు పెట్టారో అన్నీ పూసగుచ్చినట్టు చెప్పుకుపోయారు. కొవ్వొత్తులు కరిగి కేకు మీద పడ్డాయి. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు కారు నడుపుతున్న కోడలు శ్రీలేఖ, "మామయ్యగారూ, వాళ్ళ ఫంక్షన్ మొత్తం స్పాయిల్ చేశారు" అంది. ఆండాళ్‌గారికి తల కొట్టేసినట్టయింది.

ఇంట్లో అడుగుపెట్టగానే ఆవిడ ఆఖరి హెచ్చరిక జారీ చేశారు. రేపు వాళ్ళింటికి వెళ్ళి ఓడిపోయామని ఒప్పుకోవాలి. లేకపోతే ఈ ఇంట్లో కాఫీ లేదు, అన్నం లేదు, మాటా లేదు.

"నీకు తెలియదు ఆండాళ్" అన్నారు వాసుదేవరావుగారు.

"ఏం తెలియదు? రష్యా పోయిందని నాక్కూడా తెలుసు" అన్నారావిడ.

ఆయన ఇంకేదో చెప్పబోయి మానేశారు. సిగ్గుపడుతున్నారని ఆవిడ అనుకున్నారు.

మర్నాడు ఆండాళ్‌గారు పులిహోర గిన్నెతో, మొగుడితో వాళ్ళింటికి వెళ్ళారు. వాసుదేవరావుగారు హాల్లో నుంచుని, "బావగారూ, మీరే గెలిచారు. మావాళ్ళు ఓడిపోయారు. ఇంక ఈ మాట ఎత్తను" అన్నారు. ఆనందబాబుగారు చాలాసేపు ఆయన మొహంలోకి చూసి, మంచిదన్నారు. ఇద్దరూ చేతులు కలిపారు. ఆండాళ్‌గారు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళందరూ దణ్ణాలు, పువ్వులు పంపారు. అమెరికా అధ్యక్షుల వల్ల కానిది తన వల్ల అయిందని ఆవిడ కొన్ని వారాలపాటు నిజంగానే గర్వపడ్డారు.

ఆ వారాల్లో వాసుదేవరావుగారు పొద్దున్నపూట డెక్ మీద ఊరికే కూర్చునేవారు. వాళ్ళింటికి వెళ్ళి రాకూడదా అంటే, వెళ్ళి ఏం మాట్లాడాలి అనేవారు.

ఒకరోజు దేవకుమారిగారే వచ్చారు. మనిషి సగమైపోయారు. "వదినగారూ, అన్నయ్యగారిని మళ్ళీ పంపరూ" అని అడిగారు.

అప్పుడు చెప్పారావిడ. రెండేళ్ళ కిందటే ఆనందబాబుగారికి జ్ఞాపకం సడలిపోయే జబ్బని డాక్టర్లు తేల్చారు. ఎవరికీ చెప్పొద్దని, అందరూ జాలిగా చూస్తారని ఆయన పట్టుబట్టారు. పిల్లలు కాక బయటివాళ్ళలో వాసుదేవరావుగారికి ఒక్కరికే తెలుసు. మనవల పేర్లు తడుముకునే మనిషి రష్యా పేరెత్తగానే గడగడా మాట్లాడేవారు. పొద్దున్నే లేచి గడ్డం గీసుకుని, బావగారు వస్తారు, ఇవాళ వదలకూడదని ఎదురుచూసేవారు. రాజీ అయినప్పటి నుంచి గడ్డం గీసుకోవడం లేదు. కుర్చీలోంచి లేవడం లేదు. మాటలు ఒకటొకటే పోతున్నాయి.

ఆండాళ్‌గారు తాను చూసినప్పుడల్లా ఆనందబాబుగారు వాదిస్తూనే ఉండేవారని గుర్తు చేసుకున్నారు. అంత గట్టిగా అరిచే మనిషికి మతిమరుపని ఎవరనుకుంటారు. కానీ పక్కనున్న మొగుడు చెప్పబోయింది వినే ఓపిక అయినా తనకి ఉండాల్సింది. ఫోటో తీసి ఊరంతా చాటినందుకు ఆవిడకి చచ్చేంత సిగ్గేసింది.

దేవకుమారిగారు వెళ్ళాక ఆండాళ్‌గారు భర్త దగ్గర కూర్చుని, నాకెందుకు చెప్పలేదని అడిగారు.

"చెబితే నువ్వు కూడా ఆయనతో మెల్లగా మాట్లాడతావు. డాక్టరు మెల్లగా మాట్లాడుతున్నాడు, పిల్లలు మెల్లగా మాట్లాడుతున్నారు. ఒక్కడైనా గట్టిగా మాట్లాడాలి కదా" అన్నారు వాసుదేవరావుగారు. మళ్ళీ ఆయనే, "రష్యా సంగతి నాకు తెలియక కాదే. అది కూలిపోయిన ఏడే నేను దానికి నీళ్ళు వదిలేశాను" అన్నారు.

మర్నాడు ఇద్దరూ వెళ్ళారు. వాసుదేవరావుగారు మాటలు కూడగట్టుకుని రాకెట్ల ప్రసక్తి తెచ్చారు. ఆనందబాబుగారు కుర్చీలోంచి చెయ్యెత్తి మర్యాదగా ఆపేశారు. "అదెందుకు బావగారూ ఇప్పుడు. మీరు ఓడిపోయానన్నారుగా" అన్నారు. సొంత ఫోన్ నంబరు మరిచిపోయిన మనిషికి ఆ లొంగుబాటు ఒక్కటీ రాతి మీద చెక్కినట్టు గుర్తుండిపోయింది. వాసుదేవరావుగారు క్యూబా అన్నారు, బెర్లిన్ అన్నారు. గెలిచినవాడు ఓడినవాణ్ణి నొప్పించకూడదన్న పెద్దరికంతో ఆనందబాబుగారు ఒక్క జవాబూ ఇవ్వలేదు. దేవకుమారిగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయారు.

ఆండాళ్‌గారికి ఏం చెయ్యాలో తోచలేదు. రష్యా గురించి ఆవిడకు తెలిసిందల్లా అక్కడ చలెక్కువ అని. అయినా కొంగు నడుముకు చుట్టి ఆనందబాబుగారి ఎదురు కుర్చీలో కూర్చున్నారు.

"అన్నయ్యగారూ, ఓడిపోయింది మీ బావగారు. నేను ఒప్పుకోలేదు" అన్నారు. "అసలు ప్రెషర్ కుక్కర్ కనిపెట్టింది రష్యావాళ్ళు. మీ అమెరికావాళ్ళు కాపీ కొట్టారు."

వాసుదేవరావుగారు నుదురు పట్టుకున్నారు.

ఆనందబాబుగారు ఆవిడకేసి తేరిపార చూశారు. బాయిలర్ల మనిషి. మెల్లగా కుర్చీ చేతుల మీద బలం ఆన్చి నిటారుగా కూర్చున్నారు.

"ఎవరు చెప్పారమ్మా నీకు?"

"అందరికీ తెలుసు. విజిల్ కూడా వాళ్ళదే."

"తప్పు. శుద్ధ తప్పు. దేవీ, నా కళ్ళజోడు ఇయ్యి" అని కేకేశారు ఆనందబాబుగారు.

ఆ తరవాత ఆవిరి పీడనం గురించి, వాల్వుల గురించి, ఫ్రెంచివాళ్ళ గురించి ఆయన చెప్పుకుపోయారు. మధ్యలో కొన్ని మాటలు దొరక్క ఆగారు. ఎవాన్ పేరు చెప్పబోయి ఇంకెవరి పేరో చెప్పారు. ఆ వారాల్లో పోయినవి పోయాయి, తిరిగి రావని ఆండాళ్‌గారికి అర్థమైంది. చేతులారా చేశానన్న బాధ మనసులో పెట్టుకునే, ఫ్రిజ్ కూడా రష్యాదేనని ఆవిడ ఇంకో అబద్ధం ఆడారు. తన పక్షాన్ని ఇంత అధ్వాన్నంగా వాదిస్తుంటే నోరు తెరిచే హక్కు లేక వాసుదేవరావుగారు పులిసిన మజ్జిగ తాగినట్టు మొహం పెట్టుకుని కూర్చున్నారు.

వెళ్ళేటప్పుడు ఆనందబాబుగారు గుమ్మం దాకా వచ్చి బావగారి భుజం మీద చెయ్యి వేశారు.

"మీరు మర్యాదస్తులు బావగారూ, హుందాగా ఒప్పుకున్నారు. మీ ఆవిడ మాత్రం పచ్చి కమ్యూనిస్టు. రేపు కూడా తీసుకురండి, ఆవిణ్ణి ఇలా వదిలితే కుదరదు."

శ్రీవైష్ణవుల ఆడపడుచు ఆండాళ్‌గారు ఆ బిరుదును కాదనకుండా చెప్పులు వేసుకున్నారు.