కళ్ళకద్దుకున్న పెన్ను

మూడు నెలలు మంచం కింద హాయిగా విశ్రాంతి తీసుకున్న బూట్లు కూడా ఆ ఉదయం నన్ను కరిచాయి. కామెర్లు తగ్గాక మళ్ళీ ఆఫీసులో చేరడానికి నర్సీపట్నంలో నాతవరం షేర్ ఆటో ఎక్కాను. జేబులో మాత్రం ఇంకో నెల సెలవు కోరుతూ రాసిన దరఖాస్తు ఉంది. అది తర్వాత చొక్కాతోపాటు ఉతుకులో పోయింది.

పక్కనున్న పెద్దావిడ సంచిలోంచి కొడవలి తీసి, "పని సూపించు తల్లీ" అంటూ కళ్ళకద్దుకుంది. చెయ్యి విరిగి మూడు నెలలు ఇంట్లోనే ఉన్న ఆమె కూడా ఆరోజే మళ్ళీ పనికి, వరికోతలకు వెళ్తోందట.

"మీ పనిముట్టేటి బాబూ?"

పెన్ను చూపించాను.

"మరి అద్దుకోండి."

ఆటో అంతా నన్నే చూస్తోంది. అద్దుకున్నాను.

"ఓపిక లేదండీ. ఇంకో నెల సెలవు పెట్టేద్దామనుకుంటున్నా," అన్నాను.

"అన్నాళ్ళూ మీ పనెవురు సేత్తారు?"

"ఎవరూ చెయ్యరు. నా కుర్చీ నాకోసం అలాగే ఖాళీగా ఉంటుంది."

ఆవిడ వంకర తిరిగిన మణికట్టు నిమురుకుంది.

"నా సోట్లో మేస్త్రి ఎవుర్నెట్టీసినాడో సూడ్డానికే నానెల్తన్నాను బాబూ."