పల్లికాయ మిషను, మా మధ్యాహ్నపు సద్దులు

మొన్న కొత్త మిక్సీ మూత సరిగ్గా పట్టడం లేదని ఫోన్ చేస్తే, అమ్మినవాళ్లు అది తయారు చేసినవాళ్ల తప్పన్నారు, వాళ్లేమో బాగుచేసేవాళ్లను అడగమన్నారు, బాగుచేసేవాళ్లు అది తమ విభాగం కాదన్నారు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. కోపం రావలసింది పోయి నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఒకప్పుడు నేనూ అచ్చం అదే మాట అన్నదాన్ని.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. వనపర్తిలో మా అమ్మ అక్క కొడుకు, నాకు అన్న, సేద్యపు పనిముట్లు చేసే చిన్న వర్క్‌షాపు నడిపేవాడు. ముందు గదిలో కొలతలు వేసి బొమ్మలు గీయడం నా పని. వెనక రేకుల షెడ్డులో వాటిని ఇనుముతో తయారుచేసే పెద్దాయనను అందరం చాచా అనేవాళ్లం. మా నాయన తమ్ముడు, అంటే మా కాక, మోపెడ్ మీద ఊళ్లు తిరిగి సరుకు అమ్మేవాడు. ఒకే గేటులోంచి లోపలికి వచ్చేవాళ్లమే గాని, ఒకరి పని గురించి ఒకరం అడిగిన పాపాన పోలేదు.

ఆ ఏడు అన్న, చేత్తో పిడి ఊపితే పల్లికాయ ఒలిచే మిషను చేద్దామన్నాడు. ఇంట్లో ఉన్న పల్లికాయలు గుప్పెడు తెచ్చుకుని, కొలిచి, జల్లెడ సందులు ఎంత ఉండాలో లెక్కగట్టి గీశాను. చాచా చేశాడు, కాక బిజినేపల్లి వైపు అమ్మాడు. నెల తిరక్కముందే మిషన్లన్నీ వాపసు వచ్చాయి. గింజ సగానికి సగం విరిగిపోతోందట. విత్తనాలు వేసే కాలంలోపు ఇది కుదరకపోతే పనిముట్లు మానేసి కిటికీ గ్రిల్లులు చేసుకుందామని అన్న నెమ్మదిగా అన్నాడు. కొత్త మిషను కోసమే నన్ను పనిలో పెట్టుకున్నాడు కాబట్టి, ఆ మాటకు అర్థమేమిటో నాకు తెలిసింది. అయినా నా గీతల్లో తప్పు లేదని, తయారీ నా విభాగం కాదని బింకంగా అన్నాను.

చాచా చేతిలో పని ఆపకుండానే చెప్పాడు: "సందు ఇరుకుగుందని నాకు ఎర్కనే బేటీ. మా అత్తగారిల్లు గా బిజినేపల్లి దిక్కే, ఆడ కాయ లావుంటది. కానీ కాయితం మీద నువ్వు రాసినవ్, నేను చేసిన. నన్నెవరడిగిండ్రు?"

కాక అందుకున్నాడు: "రైతులు విత్తనానికి గావాలన్నరు. ఇరిగిన గింజ మొలుస్తదా? గా ముచ్చట ఎవరికి చెప్పాల్నో నాకు తెల్వలే."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నూనెకు ఆడించే గింజ విరిగితే ఏం గాని, విత్తనపు గింజ విరిగితే ఎందుకు పనికొస్తుంది? అది తెలిసినవాడికీ, సందు ఇరుకని తెలిసినవాడికీ, కొలత మార్చగల నాకూ నడుమ ఉన్నది ఒక్క గోడే.

మరునాడు వాపసు వచ్చిన మిషను ఒకటి పట్టుకుని ముగ్గురం కలిసి బిజినేపల్లికి వెళ్లాం. అక్కడ ఒక ఇంటి ముందు కూలికి పల్లికాయ ఒలుస్తున్న పెద్దమ్మ ఒకామె, మిషను పిడి రెండుసార్లు ఊపి చూసి, "ఎండుకాయ గిట్లేస్తే ఇరగక ఏమైతది? మేం ముందు జర నీళ్లు చల్లుతం" అంది. ఒలుపు కూలి పోతుందని మీకు బాధ లేదా అని నేను సంకోచిస్తూనే అడిగాను. ఆమె పగిలిన బొటనవేలు చూపించింది. "పొలంల పని మస్తుగుంది బిడ్డా. గీ వేలుతోని అన్నం కలుపుకోనీకి గూడ రాదు. మంచిగ చేసుకరాండ్రి."

ఆ మాటతో మా పని పద్ధతే మారిపోయింది. ఆనాటి నుంచి మధ్యాహ్నం అందరం సద్ది డబ్బాలు షెడ్డులోనే విప్పాలని అన్న చెప్పాడు. కాక ఊళ్లలో విన్నది చెప్పేవాడు, చాచా ఇనుము ఏం ఒప్పుకుంటుందో చెప్పేవాడు, నేను చేయి కడుక్కుని అప్పటికప్పుడు గీతలు మార్చేదాన్ని. చాచా తెచ్చే ఖీమా కోసమని కాక ఎంత దూరాన ఉన్నా ఆ వేళకు తిరిగొచ్చేవాడు. అలా రెండు సైజుల మార్చుకునే జల్లెడలు వచ్చాయి, ముందుగా నీళ్లు చల్లాలన్న మాట మిషను పక్కన పెద్ద అక్షరాలతో వచ్చింది. తొలకరికి ముందు పంపినవాటిలో ఒక్కటీ తిరిగి రాలేదు. మరుసటి ఏడు అంత దూరం మల్దకల్ నుంచి రైతులు వెతుక్కుంటూ వచ్చారు. గ్రిల్లుల మాట అన్న మళ్లీ ఎత్తలేదు.

చివరి బొమ్మ కింద, గీసినవారి పేరు రాసే చిన్న గడిలో, నా పేరుతో పాటు కాక పేరు, చాచా పేరు ఇరికించి రాసి, ఆమె పేరు అడగడం మరిచాను కాబట్టి ‘బిజినేపల్లి పెద్దమ్మ’ అని కూడా చేర్చాను. అన్న చూసి నవ్వాడే గాని, కొట్టేయమనలేదు.

ఇప్పుడు చాచా లేడు, కాకకు చూపు ఆనదు. ఒలుపు మిషన్లకు మోటార్లు వచ్చాయి, బొమ్మలు కంప్యూటర్లో గీస్తున్నారు, నా గీతలకన్నా ఎంతో చక్కగా ఉంటాయి, ఆ పిల్లల్ని చూస్తే ముచ్చటేస్తుంది. ఆ గడిలో మాత్రం ఒక్క పేరే ఉంటుంది. చూసినప్పుడల్లా, మిగిలినవాళ్లు ఎవరై ఉంటారా అనుకుంటాను.